రాజ్యం దాటిన ఫోను

పూర్వం “కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే” అనేవారు. దారిలో పులులు, దొంగలు, కలరా ఉండేవన్నది నిజమే. కాని ఆ సామెతను పుట్టించిన అసలు బాధ అది కాదనుకుంటాను. వెళ్ళినవాడి కబురు నెలల తరబడి ఇంటికి అందకపోవడం. ఇవాళ చెన్నపట్నంలో విమానమెక్కితే నాలుగు గంటల చిల్లరలో సింగపూరులో దిగుతాము. జేబులో ఫోను ఉండనే ఉన్నది. అయినా మనవాళ్ళలో చాలామంది అక్కడ అడుగుపెట్టగానే పాతకాలపు కాశీయాత్రికులైపోతున్నారు. కారణం, రోమింగు ఛార్జీల భయం. “బిల్లు వేలల్లో వస్తుందటండీ” అని ఎవరో ఒకరు అనడమే తరువాయి, ఫోను ఆపివేసి పెట్టె అడుగున దాచేస్తారు.

మొన్న వేసవి సెలవులలో మేము పదకొండుమందిమి కలిసి సింగపూరు, మలేషియాలు చూచి వచ్చాము. బయలుదేరే ముందు మా అమ్మకు చెప్పిరావడానికి తెనాలి వెళ్ళాను. ఆవిడకు 78 ఏళ్ళు. చేతిలో ఉన్నది మీటల ఫోను. అందులో వాట్సాపు లేదు. “ఏ దేశమైనా చూచిరా నాయనా, నేను మోగిస్తే మాత్రం నీ ఫోను మోగాలి” అన్నది. ఆ ఒక్క షరతుకు లోబడి, డబ్బు తగలేయకుండా పది రోజులు గడపడం ఎల్లాగన్నదే ఈ వ్యాసం.

సింగపూరు చాంగీ విమానాశ్రయంలో 2019లో తెరచిన జ్యూయెల్ అనే అద్దాల భవనమున్నది. కప్పు నడుమనుంచి 40 మీటర్ల ఎత్తున జలపాతం దూకుతూ ఉంటుంది. చుట్టూ అడవిలాగా చెట్లు. అంత శోభ ఎదురుగా ఉన్నా మావాళ్ళంతా తలలు వంచుకొని ఫోన్లలోకే చూస్తున్నారు. విమానం దిగగానే ప్రతి ఫోనులోనూ ఎవరో తెలియని కంపెనీ పేరు ప్రత్యక్షమైంది మరి!

ఇందులో మాయ ఏమీ లేదు. మనుషులకు ఇంటిపేరున్నట్లే సిమ్ముకార్డుకు దేశపు అంకె ఒకటి ఉంటుంది. మనది 404 లేక 405. సింగపూరుది 525, మలేషియాది 502. 404 అంకెగల ఫోను కనబడగానే అక్కడి కంపెనీ ఇండియాలోని మన కంపెనీకి కబురు పంపుతుంది: “ఈ అతిథి మీవాడేనా? ఖర్చు మీరు ఇచ్చుకొంటారా?” ఇక్కడివారు తల ఊపుతారు. రెండు దేశాల కంపెనీల మధ్య ఇల్లాంటి ఒప్పందం మొట్టమొదట 1992లో ఫిన్లండు, బ్రిటను కంపెనీల మధ్య జరిగింది. అతిథి సత్కారం బాగానే ఉంటుంది. లెక్క మాత్రం వాళ్ళు వీళ్ళకు పంపితే, వీళ్ళు తమ పాలు కలిపి మనకు పంపుతారు. తెనాలినుంచి ఎవరైనా పిలిచినా అంతే. పిలిచినవారు మామూలు ఖర్చే పెట్టుకొంటారు. ఆ మాట సముద్రం దాటి వచ్చిన దూరానికి కూలి ఇచ్చుకోవలసింది ఫోను ఎత్తినవాడు.

మాటలకంటె ప్రమాదకరమైనది డేటా. ఏ ప్యాకూ లేని కార్డుమీద ఒక ఎం.బి.కి 10 రూపాయలనుకోండి. పది నిమిషాలు ముఖం చూస్తూ మాట్లాడితే 50 ఎం.బి. సులభంగా కరిగిపోతుంది, అంటే 500 రూపాయలు. ఇది మనం చేతులారా పెట్టే ఖర్చు. మనం నిద్రపోతున్నప్పుడు జేబులోని ఫోను తనంతట తాను ఫోటోలను ఎక్కడికో చేరవేసుకుంటుంది, యాపులను కొత్తవిగా మార్చుకుంటుంది. ఆ ఖర్చు కంటికి కనబడదు, బిల్లులోనే కనబడుతుంది.

దీనికి అందరూ చెప్పే మందు, అక్కడి సిమ్ము కొనుక్కోవడం. చాంగీలో డబ్బు మార్చుకొనే దుకాణాలలోనే అమ్ముతారు. పాసుపోర్టు చూపనిదే ఇవ్వరు. కొత్త రకం ఫోన్లున్నవారికి ఈ-సిమ్ము అనే సదుపాయమున్నది. కార్డంటూ ఏమీ ఉండదు, ఇంటిదగ్గరే డబ్బు కట్టి, గళ్ళ బొమ్మ ఒకటి ఫోనుకు చూపితే సరిపోతుంది. మా ఫోన్లలో రెండు సిమ్ములకు చోటున్నది. మాతో వచ్చిన ఒక పెద్దమనిషి అక్కడి కార్డు కొని, రెండవది ఉంటే ఏం ప్రమాదమోనని ఊరి కార్డును తీసి పర్సులో పెట్టుకొన్నారు. సరిగా వివాదమంతా ఇక్కడే.

ఆ వివాదాన్ని తీర్చినవాడు సెరంగూను రోడ్డులో కలిశాడు. ఆదివారం సాయంకాలం ఆ వీధి చూడవలసిందే. టెక్కా అంగడిలో మల్లెపూల దండలు, అరటి ఆకులు. కొంచెం ముందుకు వెళితే శ్రీనివాస పెరుమాళ్ కోవెల. వారమంతా కట్టడాలపై పనిచేసిన మన దేశపు యువకులు సెలవురోజున పచ్చికమీద బారులు తీరి కూర్చుని, ఎవరి ఇంటితో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. వారిలో జగిత్యాల ప్రాంతంవాడు ఒకడు మా తెలుగు విని దగ్గరకు వచ్చాడు. సిమ్ముల సంగతి విని నవ్వి,

“సార్, గా ఊరి కార్డు తియ్యకుండ్రి. అది ఇంటి కడప అసొంటిది. గీ కార్డు బజారు అసొంటిది. బజారుల ఏమన్న కొనుక్కోండ్రి, కడప మాత్రం మూయకుండ్రి” అన్నాడు.

“నువ్వు వచ్చి ఎన్నేళ్ళయింది బాబూ?” అని అడిగాను.

“పన్నెండేండ్లాయె సార్. అప్పుడు గీకే కార్డు కొని, నంబరు గీకి, గంట సేపు కొడితే అమ్మ గొంతు వినపడేది” అన్నాడు.

ఆ మాటతో విషయమంతా తేలిపోయింది. ఊరి నంబరు కడప. దానిని తీసివేయక, దానిమీద డేటా రోమింగు అనే మీటను మాత్రం నొక్కి ఆపివేయాలి. డేటా అంతా కొత్త కార్డుమీదనే నడవాలి. వాట్సాపు పాత నంబరుతోనే పనిచేస్తుంది. బ్యాంకులు పంపే ఓటీపీలు ఊరి నంబరుకే వస్తాయి గనుక, అది లేకపోతే పరదేశంలో మన డబ్బుకు మనమే పరాయివాళ్ళమవుతాము. అయితే ఊరి కార్డుకు రోమింగు అనుమతి ఉన్నదో లేదో, వచ్చే సందేశాలకు ఖర్చున్నదో లేదో బయలుదేరకముందే కంపెనీని అడగాలి. పద్ధతులు కంపెనీకొక విధంగా ఉంటాయి. కాల్ ఫార్వర్డింగు ఉంటే రద్దు చేయించాలి. లేకపోతే మనం ఎత్తని పిలుపు కూడా దారి మళ్ళి వెళ్ళి ఖర్చు తెచ్చిపెట్టవచ్చును. పేర్లన్నిటికీ ముందు +91 చేర్చుకోవడం మరువరాదు.

ఫోను మోగినంతమాత్రాన ఖర్చు లేదు, ఎత్తితేనే. మనవాళ్ళకు మిస్డుకాల్ విద్య ఒకరు నేర్పనక్కరలేదు గదా! అమ్మ ఉదయం ఏడు గంటలకు మోగిస్తుంది. సింగపూరులో అప్పుడు తొమ్మిదిన్నర. నేను ఎత్తను. అక్కడి కార్డులో ఇండియాకు చవకగా మాట్లాడే ఏర్పాటున్నది. దానిమీద తిరిగి ఆవిడ మీటల ఫోనుకే పిలుస్తాను. “కాఫీ తాగావా?” అంటుంది. అంతే.

నాలుగవనాడు మలేషియా దాటాము. సింగపూరు ఉత్తరపు కొసన వుడ్‌లాండ్స్‌నుంచి జోహోర్ బారుకు సముద్రపు పాయమీద కట్టిన బాట ఉన్నది. పొడవు కిలోమీటరు పైచిలుకు. 1924లో ప్రారంభోత్సవం జరిగింది. 1942లో బ్రిటిషువారు దానికి గండికొట్టినా జపాను సైన్యం పాయను దాటనే దాటింది. సేనలనే ఆపలేని నీళ్ళు టవరు అలలనేమి ఆపగలవు! పాసుపోర్టుమీద ముద్ర పడకముందే, సింగపూరు నేలమీదనే నిలబడి ఉండగానే, ఫోను అవతలి ఒడ్డు టవరును పట్టుకోవచ్చును. అప్పుడు సింగపూరు కార్డే రోమింగు కార్డయిపోతుంది! కొన్నిటిలో మలేషియా కూడా కలిసే వస్తుంది, కొన్నిటిలో రాదు. మాది రానిది కనుక దానికీ డేటా రోమింగు ఆపి, జోహోర్ బారులో మళ్ళీ పాసుపోర్టు చూపి వేరొకటి కొన్నాము.

కౌలాలంపూరుకు దగ్గర బటు గుహలలో 272 మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామిని చూచాము. ఈ దేశంలో మన తెలుగువారు పాతకాపులే. పెరాక్ రాష్ట్రం బాగాన్ దాతో వైపు కొబ్బరితోటలలో పనికి వచ్చి స్థిరపడినవారున్నారు. వారి తాతలు ఇంటికి వ్రాసిన ఉత్తరాలు ఓడలమీద వెళ్ళేవి.

ఆ రాత్రే హోటలులో, ఊరి కార్డు తీసి పర్సులో పెట్టుకొన్న పెద్దమనిషి దానిని మళ్ళీ ఫోనులో వేశారు. వరుసగా సందేశాలు వచ్చిపడ్డవి. వారి అన్నగారు ఆసుపత్రిలో చేరి రెండు రోజులైందట. వారింట్లో వాట్సాపు తెలిసినవారు లేక, పాత నంబరుకే పిలిచి పిలిచి ఊరుకొన్నారు. ప్రాణానికి భయం లేదని తెలిసినా, ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. “మిగిల్చినది ఎంతండీ? నాలుగు వందలుంటాయేమో!” అని మాత్రం అన్నారు. ఎవరమూ బదులు చెప్పలేదు.

రెండు మూడు రోజుల ప్రయాణానికైతే మన కంపెనీ వారి రోమింగు ప్యాకే సుఖం. వారం దాటితే అక్కడి కార్డు లాభం. యూరపు వెళ్ళేవారికి మరొక సౌకర్యం: 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలలో ఒకచోట కొన్న సిమ్ము మరొకచోటా అదనపు రోమింగు రుసుము లేకుండా, మామూలు పరిమితులకు లోబడి పనిచేస్తున్నది. విహారనౌకలలోనూ, ఆకాశంలోనూ మాత్రం ఫోనును ఏరోప్లేను మోడులోనే ఉంచండి. అక్కడి టవరు ఉపగ్రహంతో మాట్లాడుతుంది. దాని ధర సామాన్యులు భరించేది కాదు.

టిక్కెట్టు కొన్ననాడే ఒక కాగితం తీసుకొని, అక్కడుండగా మనకోసం ఎవరు ఫోను చేస్తారో, ఏ నంబరుకు చేస్తారో వ్రాసుకోండి. ఏ కార్డు కొనాలో ఆ తరువాత ఆలోచించవచ్చును.