అత్తయ్య స్నానం సంగతి

మా అత్తయ్యకి సిగరెట్టు వాసనే పడదు. అయినా ఆవిడకి సిఓపిడి. పదహారో ఏట కాపురానికొచ్చి, ముప్ఫై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదితే ఏమవుతుంది? ఇంట్లోకి గ్యాసు వచ్చేసరికే ఊపిరితిత్తులు పొగచూరిపోయాయి.

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి, తెల్లవారుజామున మూడింటికి ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలర్, నెబ్యులైజర్ రెండూ అయ్యాయి. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కో మాటకీ ఆగిపోతోంది. 108కి ఫోన్ చేశాం.

క్యాజువాలిటీలో డాక్టరమ్మ చాలా చిన్నపిల్ల. ఆక్సిజన్ పెట్టించి, రక్తం తీయించి, ఎక్స్‌రే, ఈసీజీ చూసింది. తర్వాత మా వైపు తిరిగి, "ఇప్పటి సంగతి కాదండీ. ఈ మూడు నెలల్లో, కాస్త బాగున్న రోజుల్లో ఎలా ఉండేవారు? బయటికి వెళ్ళేవారా? స్నానం, చీర కట్టుకోవడం తనే చేసుకునేవారా?" అని అడిగింది.

"అన్నీ అమ్మే చేసుకుంటుందండీ" అన్నారు మా వారు.

ఆయన అబద్ధమాడలేదు. ఆయనకి తెలిసింది అంతే. దీపావళి నుంచీ, ఆయన ఆఫీసుకి వెళ్ళాక, నేనే అత్తయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి స్నానం చేయిస్తున్నాను. కుచ్చిళ్ళు నేనే పెడుతున్నాను. "వాడికి చెప్పకే అమ్మాయ్, బెంగ పెట్టుకుంటాడు" అని ఒట్టు వేయించుకుంది.

మాస్కు పైనుంచి అత్తయ్య నావైపే చూస్తోంది. ఒక్క క్షణం గుటకలు మింగాను. "లేదు డాక్టరు గారూ, రెండు నెలలుగా స్నానం, బట్టలు అన్నీ నేనే చేస్తున్నాను" అని చెప్పేశాను. మా వారి ముఖం చూడలేకపోయాను.

తర్వాత ఆ అమ్మాయే ఓపిగ్గా చెప్పింది. డెకాఫ్ అని ఒక లెక్క ఉందట. 2012లో ఇంగ్లండు డాక్టర్లు ప్రకటించారు. మామూలు రోజుల ఆయాసం, రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు తగ్గడం, ఎక్స్‌రేలో నిమ్ము, రక్తంలో ఆమ్లం పెరగడం, గుండె లయ తప్పడం... ఈ ఐదూ చూస్తారు. నాలుగింటికి ఒక్కో మార్కు. ఆయాసానికి మాత్రం, స్నానానికీ బట్టలకీ కూడా మరొకరి సాయం కావాల్సి వస్తే రెండు. మొత్తం సున్నా, ఒకటి అయితే ప్రమాదం తక్కువ. మూడు దాటనక్కర్లేదు, మూడైనా ఎక్కువే.

అత్తయ్యకి ఇయోసినోఫిల్స్‌కి ఒకటి వచ్చింది. నేను నోరు విప్పకపోతే అక్కడితో సరి. విప్పాక మూడు! వార్డుకి వెళ్ళాల్సిన మనిషిని ఐసీయూలో కళ్ళ ముందు పెట్టుకున్నారు.

"ఇది జాతకం కాదమ్మా, ఎవరిని ఎంత దగ్గరగా కనిపెట్టుకోవాలో చెప్పే లెక్క" అంది డాక్టరమ్మ.

మర్నాడు సాయంత్రం అత్తయ్యకి బైపాప్ మాస్కు పెట్టాల్సి వచ్చింది. ఐసీయూలోనే ఉంది కాబట్టి నిమిషాల్లో పెట్టారు. తొమ్మిదో రోజు ఇంటికొచ్చాం.

మీ ఇళ్ళల్లో ఇలాంటి పెద్దవాళ్ళుంటే, ఏ పని ఎప్పట్నుంచి చేసుకోలేకపోతున్నారో ఒక కాగితం మీద రాసి మందుల డబ్బాలో పెట్టండి. ఆ సంగతి ఏ రక్తపరీక్షలోనూ కనబడదు. మనకే తెలుస్తుంది.

"ఒట్టు గట్టు మీద పెట్టావే" అని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. మా వారు మాత్రం ఏమీ అనలేదు. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు, స్టూలు కడిగి, వేణ్ణీళ్ళు తోడి వెళ్తున్నారు.