మేకుల లెక్క

మార్కాపురం, కనిగిరి వైపు పల్లెలన్నీ ఓ రాత్రి ఉత్తర ధ్రువం దగ్గరికి వెళ్లిపోయాయి!

నిజమండీ. బీటలువారిన మెట్టచేలు, వేపచెట్లు, రచ్చబండలతో సహా మంచుకొండల మధ్యకి చేరిపోయాయి. వాటిని అక్కడికి మోసుకెళ్లింది ఎవరో కాదు... నేనే.

2023 వేసవి సంగతి ఇది. హైదరాబాద్‌లో ఓ స్వచ్ఛంద సంస్థకు మ్యాపులు తయారుచేసి పెట్టడం నా పని. మా పాత ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కనిగిరి పేరు చెబితే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఆ సమస్యే. అలాంటి కొన్ని పల్లెలకు ట్యాంకర్లతో మంచినీళ్లు పంపాలనుకున్నారు. ఏ ఊరు ఎక్కడుంది, నీళ్లు నింపుకునే చోటు దానికెంత దూరం, ఏ ట్యాంకరు ఏ వరసలో వెళ్లాలి... ఇదంతా చేత్తో చేస్తే వారం పడుతుంది. అందుకని కంప్యూటర్‌తో చేయిద్దామని పైథాన్‌లో ఓ స్క్రిప్టు రాశాను. స్క్రిప్టంటే వంటకి రాసిచ్చే చీటీ లాంటిదే. ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని వరసగా రాస్తే కంప్యూటర్ క్షణాల్లో చేసి పెడుతుంది. కాకపోతే చీటీలో ఉప్పుకి బదులు చక్కెర అని రాస్తే, మన వంటమనిషిలా ఆగి అడగదు. పప్పులో చక్కెర వేసేస్తుంది.

నా మొదటి చక్కెర అక్షాంశ రేఖాంశాల్లో పడింది. బళ్లో నేర్చుకున్నాం కదా, ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం అని. ఊళ్లు తిరిగిన కుర్రాళ్లు ఫోన్లలో చూసి అదే వరసలో రాసుకొచ్చారు. నేను వాడిన పైథాన్ లైబ్రరీ మాత్రం గ్రాఫు కాగితం పద్ధతిలో అడ్డం కొలత ముందు, నిలువు కొలత తర్వాత అడుగుతుంది. అంటే దానికి రేఖాంశం ముందివ్వాలి. మార్కాపురం ఉన్నది సుమారు 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.3 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. వాటిని తిరగేస్తే 79.3 ఉత్తరం, 15.7 తూర్పు. అది నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లోకి వస్తుంది! ప్రపంచంలోని పంటల విత్తనాలను దాచే పెద్ద ఖజానా 2008లో ప్రారంభమైంది ఆ దీవుల్లోనే. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి కూడా విత్తనాలు అక్కడికి వెళ్లాయి. విత్తనాలు వెళితే అర్థముంది, మా పల్లెలకి అక్కడేం పని?

నవ్వుకుని వరస మార్చాను. ఊళ్లు వెనక్కొచ్చాయి.

తర్వాత దూరాలు. ఓ ఊరికీ నీళ్లు నింపే చోటుకీ మధ్య దూరం 0.04 అని వచ్చింది. మీటర్లా? కిలోమీటర్లా? రెండూ కాదు, డిగ్రీలు! ఒక డిగ్రీ అంటే మన దగ్గర ఇంచుమించు 110 కిలోమీటర్లు. గుండ్రటి భూమి మీది డిగ్రీలను చదునైన కాగితం మీది మీటర్లుగా మార్చమని ముందే చెప్పాలి. అది చెప్పాక 0.04 కాస్తా నాలుగు కిలోమీటర్ల పైచిలుకైంది.

ఆ తర్వాత మండలాల సరిహద్దుల ఫైలు మొరాయించింది. దాన్ని షేప్‌ఫైలు అంటారు. పేరుకి ఒకటే గానీ లోపల ఉమ్మడి కుటుంబం. ఆకారాలు ఒకదాంట్లో, ఊళ్ల పేర్లు ఇంకోదాంట్లో, కొలతల పద్ధతి మరోదాంట్లో ఉంటాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో కలిసి ఉండాలి. నాకు పంపినాయన అందులో ఒక్కదాన్నే మెయిల్ చేశాడు. ఇంటిపెద్దని ఒక్కణ్నే పిలిచి పెళ్లి జరిపించమన్నట్టు!

ఇవన్నీ మొహం చూపించే తప్పులు. ఊరు మంచులో కనబడితే పసిపిల్లాడు కూడా తప్పంటాడు. మొహం చూపించని తప్పులు వేరే ఉంటాయి. నా కథ అసలు వాటి దగ్గరే మొదలైంది.

ఓ అర్ధరాత్రి రెండు గంటలప్పుడు స్క్రిప్టు మళ్లీ ఆగింది. తెరనిండా ఎర్రక్షరాలు. ఏదో ఊరి పేరు దొరకలేదంటోంది. మర్నాటి ఉదయానికి జాబితా ఇవ్వాలి. నిద్ర ముంచుకొస్తోంది. పైథాన్‌లో ఓ చిన్న వెసులుబాటుంది. ‘తప్పొస్తే పట్టించుకోకు, ముందుకెళ్లిపో’ అని రెండు ముక్కలు రాస్తే చాలు. ట్రై, ఎక్సెప్ట్, పాస్. రాసేశాను. ఎర్రక్షరాలు మాయం. జాబితా వచ్చేసింది. రంగురంగుల మ్యాపు కూడా. పంపించి హాయిగా పడుకున్నాను.

వారం తర్వాత నాన్న కంటి పరీక్షకని మా ఇంటికొచ్చాడు. నాన్న సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా పొలాల గట్ల మీద గొలుసు లాగినవాడు. పైథాన్ అంటే ఆయనకి కొండచిలువే. అయినా మ్యాపు కనిపిస్తే మాత్రం వదలడు. గోడకి అంటించిన నా ట్యాంకర్ల మ్యాపు ముందు భూతద్దం పట్టుకుని పావుగంట నిలబడ్డాడు.

‘‘అమ్మాయ్, ఈ వాగు పక్కన కొత్తపల్లె ఉండాలే. మేం అక్కడ పది రోజులు కొలిచాం’’ అన్నాడు.

‘‘చిన్న ఊరేమోలే నాన్నా, జాబితాలో ఇచ్చుండరు.’’

‘‘ఎన్నిచ్చారు? ఎన్నొచ్చాయి?’’

సమాధానం నా దగ్గర లేదు. చూసుకోలేదు కాబట్టి. లెక్కపెట్టాను. ఇచ్చినవి 143. మ్యాపులో ఉన్నవి 136.

నాన్న ఏమీ అనలేదు. కుర్చీలో కూర్చుని తన పాత సంగతి చెప్పడం మొదలెట్టాడు. 66 అడుగుల గొలుసు. దాంతోపాటు పది ఇనుప మేకులు. గొలుసు ముందుకొస పట్టుకున్నవాడు గొలుసు పొడవు పూర్తయిన ప్రతిచోటా ఓ మేకు గుచ్చి సాగిపోతాడు. వెనకకొస పట్టుకున్నవాడు వాటిని ఏరుకుంటూ వస్తాడు. వెనకవాడి చేతిలో ఆరు మేకులున్నాయంటే ఆరు గొలుసుల దూరం వచ్చారన్నమాట. ‘‘నేను వెనకవాణ్ని. ముందువాడి చేతిలోవీ, నా చేతిలోవీ, నేలలో ఉన్నదీ కలిపితే పదే రావాలి. తొమ్మిదొస్తే ఆ గీత మొత్తం మళ్లీ కొలవాల్సిందే. ఎండగా ఉందనో, పొద్దుపోయిందనో వదిలేస్తే ఎవరిదో పొలం అరవై ఆరడుగులు తగ్గిపోద్ది. అది మనకి తెలీదు. ఆ రైతుకి తెలుస్తుంది’’ అన్నాడు.

లాంబ్టన్ దొర 1802లో మద్రాసు దగ్గర గొలుసుతో దాదాపు 12 కిలోమీటర్ల గీత కొలిచి దేశమంతటి సర్వేకి పునాది వేశాడని చదువుకున్నాను. లెక్కలు కట్టుకుంటూ బెంగళూరు దాకా వెళ్లాక, అక్కడ మరో గీతని నేలమీద మళ్లీ కొలిచి తన లెక్కతో సరిపోల్చుకున్నాడాయన. తేడా కొద్ది అంగుళాలే. అంత గొప్ప లెక్కల మనిషి కూడా తన లెక్కని నమ్మి ఊరుకోలేదు. నేను మాత్రం ఎర్రక్షరాలు పోయాయి కదా అని నిద్రపోయాను.

ఆ సాయంత్రమే స్క్రిప్టు తెరిచి, ఆ ‘పట్టించుకోకు’ ముక్కలు తీసేశాను. వెంటనే ఆగిపోయింది. ఎర్రక్షరాలు. ఈసారి చదివాను. నిజానికి అవి తిట్లు కావు. ఎన్నో వరసలో ఆగిందో, ఏ పేరు దగ్గర ఆగిందో చివరి లైన్లలో చక్కగా చెబుతాయి. ఆగింది కొత్తపల్లె దగ్గరే! ఒక జాబితాలో ‘కొత్తపల్లె’, ఇంకోదాంట్లో ‘కొత్తపల్లి’. మనకి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి కాదు. మరో ఊరి పేరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటుంది. ఇంకోటి ఒకచోట కలిపి రాశారు, మరోచోట విడదీశారు. ఇలా మొత్తం ఏడు ఊళ్లు. నేను కళ్లు మూసుకోమన్నందుకు స్క్రిప్టు ఏడుసార్లు కళ్లు మూసుకుంది.

దాని అర్థం అప్పటికి తట్టింది. జాబితా వెళ్లి వారం దాటింది. అంటే ఆ ఏడు ఊళ్లకి వారంగా ట్యాంకర్ వెళ్లలేదు.

పొద్దున్నే సంస్థవాళ్లకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. ఆ రోజే ట్యాంకర్లు బయల్దేరాయి. తర్వాత ఆ ఊళ్లకి ఒక్కొక్కదానికీ నేనే ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. ఓ ఊళ్లో ఫోనెత్తిన పెద్దావిడ తిట్టలేదు. ‘‘మా ఊరి పేరు లేదన్నారమ్మా. లేదేమో అనుకున్నాం. ఆ బోరునీళ్లే తాగాం’’ అంది.

తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నా స్క్రిప్టుల్లో ఊళ్లని పేరుతో వెతకను. ప్రభుత్వ జాబితాలో గ్రామాలకి కోడ్ నంబర్లుంటాయి, వాటితో కలుపుతాను. నంబరు లేని చిన్న పల్లెల పేర్లు నేనే కూర్చుని ఒక్కొక్కటీ సరిచూస్తాను. ప్రతి మెట్టు దగ్గరా ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి అని లెక్క తెరమీద వేయిస్తాను. ఒక్కటి తగ్గినా స్క్రిప్టు ఆగిపోవాల్సిందే. దొరకని పేర్లన్నీ విడిగా ఓ కాగితం మీదికి రావాల్సిందే. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ‘ఎర్రర్ వచ్చింది మేడమ్’ అని బిక్కమొహం వేస్తే, ‘వచ్చిందా, అదృష్టవంతురాలివి’ అంటాను. వాళ్లకి అర్థం కాదు. ఏదో ఒకరోజు అవుతుంది.

నాన్న ఊరెళ్లిపోయాడు. కళ్లు ఇంకా మసకే. చెవులు మాత్రం చురుకు. రాత్రి ఆలస్యంగా ఫోన్ చేస్తే నా గొంతు విని ఏదో పని పూర్తిచేశానని పోల్చేస్తాడు. అన్నం తిన్నావా అని కూడా తర్వాతే. ముందు అడిగేది ఒకటే...

‘‘ఏమ్మా, మేకులు సరిపోయాయా?’’