పాట తప్పు పాడిన పాప



2019లో మన మందిరంలో కొత్తగా తెర కట్టి పాటలు దాని మీద వేయడం మొదలుపెట్టినాం. మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు. తెర మీద మాటలు ఉన్నా తప్పు పాడేది. "పాస్టరు బిడ్డవి, ఆమాత్రం శ్రద్ధ లేదా?" అని ఒక ఆదివారం అందరి ముందరే కోప్పడినాను. తల వంచుకునింది.

ఆ అక్టోబరులో ప్రభుత్వం కంటి వెలుగు కార్యక్రమం పెట్టి బడిపిల్లలకు కంటి పరీక్షలు చేయించింది. పాపకు దూరం కనపడదని అప్పుడు తేలింది. ప్రొద్దుటూరు తీసుకుపోయి డాక్టరుకు చూపిస్తే రెండు కళ్ళకూ మైనస్ ఒకటిన్నర. "ఎప్పటి నుంచి ఇట్లా ఉందమ్మా?" అంటే, "అందరికీ ఇట్లే కనపడుతుందనుకున్నా నాన్నా" అనింది.

మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి ఎన్నిసార్లు ప్రసంగించినానో లెక్కలేదు. ప్రభువు ఆయన మీద చేతులుంచి, ఏమన్నా కనపడుతోందా అని అడిగినాడు. సరిగ్గా కనపడలేదని తెలిసినాక కోప్పడలేదు, మళ్ళీ చేతులుంచినాడు. నేను నా బిడ్డను అడగనే లేదు.

పులివెందుల నుంచి మా అత్తమ్మ వచ్చి, "ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు సంబంధాలెట్లా వస్తాయి?" అని ఒకటే బాధ. ఒక విశ్వాసి అయితే, "అయ్యగారూ, మీ ఇంట్లోనే అద్దాలా? ప్రార్థన చాలదా?" అన్నాడు. ప్రార్థన చేస్తాను. అద్దాలూ పెట్టిస్తాను. బిడ్డకు నల్లబల్ల కనపడకుండా ఉంచి దాన్ని విశ్వాసం అనుకోవడం నాకు రాదు.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. పుట్టినప్పుడు కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 23, 24 అవుతుంది. ఆగాల్సిన చోట ఆగక ఇంకా పొడుగైతే, దూరపు బొమ్మ కంటి వెనక పొర మీద పడకుండా దాని ముందే పడుతుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే దాదాపు రెండున్నర పవరు. పొడుగైన కన్ను మళ్ళీ పొట్టి కాదు. అద్దాలు చూపునిస్తాయి, కంటిని వెనక్కి తేలేవు. అమ్మానాన్నలకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మా ఆవిడకు ఉన్నాయి.

నన్ను పొడిచింది ఇంకొకటి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు కొన్ని బళ్ళలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించినారు. మూడేళ్ళకు ఆ బళ్ళలో 30 శాతం మందికి దూరపు చూపు తగ్గితే, మామూలు బళ్ళలో 39 శాతం దాటింది. 2015లో ఆ ఫలితాలు అచ్చైనాయి. ఎండ వెలుతురు కన్ను అతిగా పెరగకుండా ఆపుతుందట. మా ఇంట్లో చట్టం ఏమంటే, బడి నుంచి రాగానే లోపల కూర్చోవాలి, వాక్యం చదవాలి, హోంవర్కు చేయాలి, వీధిలోకి పోకూడదు. పుస్తకం వదలని పిల్ల అని ఊరంతా చెప్పుకున్నాను కూడా.

అద్దాలు వచ్చినాక ఆరుబయట ఆట పవరు పెరగకుండా పెద్దగా ఆపదంటారు. రాకముందు చేసే మేలే ఎక్కువ. అందుకే అప్పుడు ఆరేళ్ళున్న మా చిన్నోణ్ణి రోజూ సాయంత్రం పెన్న ఇసుకలోకి వదిలినాను. ప్రార్థన ఏడు గంటలకు జరిపినాం.

వచ్చే ఆదివారం సండేస్కూలు పిల్లలను అరగంట ముందే పంపండి. వెనక గోడ దగ్గర నిలబెట్టి, ఒక్కో కన్ను మూయించి, తెర మీద మాటలు చదివించి చూస్తాం. తప్పు చదివిన పిల్లలను ఎవరూ తిట్టొద్దు, నాకు చెప్పండి.