తిరుత్తణి లోకల్లో మెదడు కబుర్లు

రండి, కిటికీ పక్కన కూర్చోండి. చెన్నై సెంట్రల్ నుంచి తిరుత్తణికి 80 పైచిలుకు కిలోమీటర్లు, సుమారు రెండు గంటలు. ఈలోగా ఓ లెక్క చెబుతాను, నవ్వకండి.

చిన్నప్పుడు మా అవ్వ చేయి వణుకుతోందని తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటికి తీసుకుపోయారు. జబ్బు కరిగిపోవాలని అక్కడ నీళ్లలో బెల్లం వేస్తారు. అవ్వ వేసి, చాలాసేపు చూసి, ‘కరిగిందిరా, యాడికి పోయిందో కనబళ్లేదే!’ అంది.

సరిగ్గా ఆ ప్రశ్నకే ట్రేసర్ జవాబు. మెదడులో డోపమైన్ అనే రసాయనం వచ్చి వాలే చిన్నచిన్న గూళ్లుంటాయి, రిసెప్టర్లంటారు. వణుకుడు జబ్బులో దెబ్బతినేది ఆ డోపమైన్ వ్యవస్థే. బతికున్న మనిషి తల విప్పి చూడలేం కదా! అందుకని ఆ గూటికే పోయి వాలే పదార్థానికి రేడియోధార్మిక పరమాణువు తగిలించి, నరంలోకి రవ్వంత ఎక్కిస్తారు; ట్రేసరంటే అదే. ఎక్కడ వాలిందో పెట్ స్కానర్ పట్టేస్తుంది. 1983లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ డాక్టరు హెన్రీ వాగ్నర్ ఆ సూది తానే వేయించుకుని, తన డోపమైన్ రిసెప్టర్ల బొమ్మ తీయించుకున్నారు. గుండె ధైర్యమంటే అదీ!

చెప్పినంత సులువు కాదు లెండి. రక్తంలోంచి మెదడులోకి పోనివ్వని కట్టుదిట్టమైన కాపలా ఒకటుంది. దాన్ని దాటాలి, దాటాక పక్కగూళ్లకు అతుక్కోకూడదు. అన్నీ కుదిరినా టైము ఆగదు. వాగ్నర్ సూదిలోని కార్బన్-11 ఇరవై నిమిషాలకోసారి సగమవుతుంది. సెంట్రల్లో డబ్బాలో పెట్టుకుని బయల్దేరితే, తిరువళ్లూరుకు గంటా ఇరవై నిమిషాలు పట్టిందనుకోండి, మిగిలేది పదహారో వంతు! ఫ్లోరిన్-18 నయం, దాని సగం ఆయువు 110 నిమిషాలు. తిరుత్తణిలో దిగేసరికి దాదాపు సగం చేతిలో ఉంటుంది, అక్కడి గుడి కొండకు 365 మెట్లెక్కే తీరిక మాత్రం ఇవ్వదు. 1976లో ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో చేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు పరుగెత్తించి, తొలిసారి మనుషులకు ఎక్కించారు. బెల్లం కథే, కాకపోతే కనబడే బెల్లం.

మతిమరుపు జబ్బుదీ ఇదే గొడవ. అల్జీమర్స్ మచ్చల్ని చూపే పిట్స్‌బర్గ్ ఊరిపేరున్న ట్రేసర్‌తో 2002లో స్వీడన్‌లోని ఉప్సాలాలో మొదటి స్కాన్ తీశారు. కానీ అది కార్బన్ రకం, ఎక్కడ వాడాలంటే అక్కడే చేసుకోవాలి. దూరం పంపగల ఫ్లోరిన్ రకానికి అమెరికాలో అనుమతి దొరికేసరికి 2012 వచ్చింది.

అదిగో తిరువళ్లూరు. ఒక్కమాట, స్కాన్ తీస్తే వణుకు తగ్గుతుందని ఎవరన్నా అంటే నమ్మకండి. అది బెల్లం ఎక్కడికి పోయిందో చూపుతుంది, అంతే.