కోటగోడకు ఒక ఖిడ్కీ

హైదరాబాదు నగరం చుట్టూ ఒకప్పుడు రాతి ప్రాకారం ఉండేదన్న సంగతి నేటి విద్యార్థి మిత్రులలో చాలామందికి తెలియకపోవచ్చును. 18వ శతాబ్దంలో లేచిన ఆ గోడలో పెద్ద దర్వాజాలు కొన్ని, వాటికన్న చిన్నవైన ఖిడ్కీలు కొన్ని ఉండేవి. 1908 నాటి మూసీ వరదలో గోడ చాలామేరకు దెబ్బతిన్నది. మిగిలినది తరువాతి దశాబ్దాలలో ఇండ్లకూ రోడ్లకూ చోటు విడిచింది. దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా మాత్రం నేటికీ నిలిచి ఉన్నవి.

ఈ గోడను ఇక్కడ తలచుకొనుటకు కారణమున్నది. కంప్యూటర్ల విషయంలో ‘ఫైర్‌వాల్’ అనే మాట వినగానే మనవారికి నిప్పు జ్ఞాపకం వస్తుంది గాని, దాని పని ఏమిటో తోచదు. కోటగోడ అనుకుంటే సగం పాఠం తెలిసినట్లే. మిగిలిన సగం, ఆ గోడకు ఏ ద్వారం పెట్టాలి, దానిని ఎవరి కొరకు తెరవాలి అనునది. ఈ సగం కొరకే మా ఆఫీసులో 2020వ సంవత్సరంలో నెల రోజులు తర్జనభర్జన జరిగినది.

నేను ఇంజనీరును కాను. మన కళాశాలలో బి.కాం. ముగించి, ఆబిడ్స్ ప్రాంతంలో ఒక ఆడిటర్ గారి వద్ద చేరినవాడను. ఐదుగురం పనిచేసే ఆ చోట కంప్యూటర్ల బాధ్యత కూడా నా నెత్తినే పడినది. మా హెడ్ అకౌంటెంటును అందరమూ మున్షీ సాబ్ అంటాము. ముప్పది ఏండ్లు చేతిరాత ఖాతాలు వ్రాసి, యాభై దాటిన తరువాత ట్యాలీ నేర్చుకున్న మనిషి. ఆ సంవత్సరం మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది. అది సడలే నాటికి ఆయన బేగం గారికి మూత్రపిండాల జబ్బు ముదిరి, వారానికి రెండుసార్లు డయాలిసిస్ అవసరమైనది. చూసుకునేవారు లేక దంపతులిద్దరూ మహబూబ్‌నగర్‌లోని కూతురి ఇంటికి చేరినారు. అక్కడి నుండి రోజూ ఆబిడ్స్‌కు వచ్చిపోవడం అరవై నిండిన మనిషికి అయ్యే పని కాదు. ఉద్యోగం మానితే మందుల ఖర్చు గడవదు. ఆఫీసు కంప్యూటరును ఇంటి నుండి నడిపించడమొక్కటే మిగిలిన మార్గం.

ఆడిటర్ గారికి ఇది మొదట రుచించలేదు. “లెక్కలు ఆఫీసు గడప దాటరాదు. అవి మనవి కావు, అమానత్” అన్నారు. ఆ మాటను నేను ఈనాటికీ తప్పు పట్టను. కిరాణా దుకాణాదారులు, జౌళి వ్యాపారులు, ఒక చిన్న నర్సింగ్ హోమ్, ఇట్లా ఎందరి ఆదాయవ్యయాలో ఆ ఒక్క డిస్కులో ఉన్నవి. అవి పరులపాలైతే నష్టం మాది మాత్రమే కాదు.

మాకు కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు వచ్చి, “ఇది పది నిమిషాల పని సర్. రౌటరులో 3389 పోర్టు తెరిచి మీ కంప్యూటరుకు మళ్ళిస్తే చాలు” అన్నాడు. పోర్టు అనగా గోడలోని ద్వారానికి వేసిన నంబరు. అట్టివి 65,535 వరకు ఉన్నవి. విండోస్ వారి రిమోట్ డెస్క్‌టాప్ వాడుకగా 3389 వద్ద కూర్చుండి పిలుపు కొరకు ఎదురుచూస్తుంది. అతడు చెప్పినది అబద్ధం కాదు, పని నిజంగా పది నిమిషాలదే. అయితే ఆ ద్వారం ముందు మున్షీ సాబ్ ఒక్కరే నిలబడరు, ప్రపంచమంతా నిలబడుతుంది.

“ఇంత చిన్న ఆఫీసును ఎవరు వెదుకుతారు?” అని కొందరంటారు. వెదకనవసరమే లేదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 2013లో జెడ్‌మ్యాప్ అనే సాధనాన్ని వెలువరించినారు. మంచి వేగం గల ఒక్క కనెక్షనుపై ఒక్క కంప్యూటరు, ప్రపంచంలోని పాత పద్ధతి ఇంటర్‌నెట్ అడ్రసులన్నింటి వద్దా ఒక పోర్టును 45 నిమిషాలలోపున తట్టి రాగలదని అది చూపినది. అంటే మన తలుపు మధ్యాహ్న భోజనం ముగిసేలోగా ఎవరి లెక్కలోనో చేరిపోతుంది. 3389 బదులు మరొక నంబరు పెట్టుకుంటే దాక్కోవచ్చునన్న సలహా కూడా వచ్చినది. ఇంటి నంబరు పలక మార్చినంత మాత్రాన తాళం గట్టిపడదు.

పైగా తాళంలోనే లోపముంటే? 2019 మే నెలలో ‘బ్లూకీప్’ అనే లోపం బయటపడినది. పాత విండోస్‌లలో సంకేతపదం అడగకముందే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా లోపలికి చొరబడే వీలు దానివల్ల కలిగినది. 2014లోనే ఆదరణ నిలిపివేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయవలసి వచ్చినదంటే దాని తీవ్రతను ఊహించుకోవచ్చును. మా వీధిలోనే మరొక ఆఫీసువారు ఆ పది నిమిషాల పని చేయించుకున్నారు. ఒక సోమవారం ఉదయం వారి ఫైళ్ళన్నీ గుర్తుపట్టరాని పేర్లతో, తెరవరాకుండా ఉన్నవి. తెర మీద బిట్‌కాయిన్లు కోరుతూ ఒక చీటీ. బ్యాకప్ డిస్కు కూడా రాత్రంతా అదే యంత్రానికి తగిలించి ఉండినందున అదీ వాటితోపాటే పోయినది. మూడేండ్ల లెక్కలను బిల్లుల కట్టల నుండి మళ్ళీ ఎక్కించుకోవడం నేను కండ్లారా చూసినాను.

మా గోడకు ఖిడ్కీ పెట్టిన తీరు ఇది. ఒక పాత కంప్యూటరులో ఉబుంటు 20.04 ఎక్కించి, అందులో వైర్‌గార్డ్ అనే వి.పి.ఎన్. సాధనాన్ని అమర్చినాము. వి.పి.ఎన్. అనగా బహిరంగ మార్గంలోనే నడిచే రహస్య సొరంగమనుకొనవచ్చును. బయటి నుండి వచ్చువాటిలో రౌటరు లోనికి పంపేది ఒక్క 51820 నంబరు యు.డి.పి. పోర్టుకు వచ్చిన వాటిని మాత్రమే, అదీ ఈ యంత్రానికే. వైర్‌గార్డ్‌లో నాకు నచ్చిన గుణమొకటున్నది. సరియైన తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా అది ‘ఎవరది’ అని కూడా అనదు. తట్టినవాడికి అక్కడ తలుపున్నదో గోడ ఉన్నదో తెలియదు. చెవి ఉన్నవాడు సొరంగంలో ప్రవేశించినా వాడికి ఆఫీసంతా కనబడదు. మున్షీ సాబ్ లాప్‌టాప్‌కు ఇచ్చిన 10.8.0.2 అనే అడ్రసు నుండి ఆయన కంప్యూటరు ఒక్కదానికి, అందులోనూ 3389 ఒక్కదానికి మాత్రమే దారి. మిగిలినవన్నీ మూత.

చెప్పుకున్నంత సులభంగా ఇది జరగలేదు. మొదటి రోజు ఎంత ప్రయత్నించినా బయటి నుండి ఒక్క పిలుపూ లోనికి రాలేదు. చివరకు రౌటరు పేజీలో దాని బయటి అడ్రసును చూడగా అది 100.72తో మొదలైనది. 100.64 నుండి 100.127 వరకు గల అడ్రసులను ఇంటర్‌నెట్ కంపెనీలు తమలో తాము వాడుకొనుటకై 2012లో ప్రత్యేకించినారు. అంటే మా కంపెనీ ఒకే బహిరంగ అడ్రసును అనేకమంది చందాదారులకు కలిపి పంచుతున్నది. మా గోడకు బయట కంపెనీవారి గోడ మరొకటి ఉన్నదన్నమాట. అట్టి చోట మన రౌటరులో ఎన్ని ద్వారాలు తెరిచినా ప్రయోజనం శూన్యం. నెలకు కొంత అదనంగా కట్టి స్థిరమైన అడ్రసు తీసుకున్న తరువాతనే పని సాగినది. ఎనీడెస్క్, టీంవ్యూయర్ వంటివి ఈ చిక్కు లేకుండా పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ రెండు వైపుల యంత్రాలూ తామే బయటికి పోయి మధ్యనున్న సర్వరు వద్ద కలుసుకుంటాయి. ఆ మూడవవారి ప్రమేయమే ఆడిటర్ గారికి ఇష్టం లేకపోయినది.

రెండవ చిక్కు నవ్వు తెప్పించేది. మా ఆఫీసులోనూ, మహబూబ్‌నగర్‌లోని ఇంటిలోనూ రౌటర్లు 192.168.1 అనే వరుసనే వాడుతున్నవి. ఆయన లాప్‌టాప్ ఆఫీసు కంప్యూటరును వెదుకబోయి కూతురి ఇంటిలోని టీవీని తట్టి వచ్చేది. ఆఫీసు వరుసను 192.168.57గా మార్చేవరకు ఇద్దరికీ సంధి కుదరలేదు. ఆయన యంత్రంలో విండోస్ హోమ్ రకం ఉండినందున దానిని ప్రో రకానికి మార్పించవలసి వచ్చినది, హోమ్ రకం రిమోట్ డెస్క్‌టాప్ పిలుపును స్వీకరించదు గనుక. యంత్రం నిద్రపోకుండా చేసినాము. కరెంటు పోయి వస్తే దానంతట అదే లేచేటట్లు అమర్చినాము. ఇవేవీ పుస్తకాలలో ప్రముఖంగా కనబడవు గాని, దూరాన ఉన్న మనిషికి కరెంటు కోత కన్న పెద్ద ఫైర్‌వాల్ మరొకటి లేదు.

“మరి గడప మాటేమిటి?” అని ఆడిటర్ గారు మళ్ళీ అడిగినారు. రిమోట్ డెస్క్‌టాప్‌లో దారి వెంట పోయేది తెర బొమ్మ, వచ్చేది మీటల నొక్కులు, మౌసు కదలికలు. ఖాతా ఉన్న డిస్కు ఆబిడ్స్‌లోనే ఉంటుంది. ఇక్కడి ఫైలును అక్కడి లాప్‌టాప్‌లోనికి నకలు చేసుకునే సౌకర్యాన్ని కూడా మూసివేసినాము. దీనితో ఆయన సమాధానపడినారు. బ్యాకప్ డిస్కును రోజూ సాయంత్రం విప్పి బీరువాలో పెట్టే నియమం కూడా ఆనాడే మొదలైనది.

ఆయన మరొకటి కూడా అడిగినారు, మున్షీ సాబ్ ఎన్ని గంటలు పనిచేస్తున్నదీ చూసి చెప్పగలవా అని. చెప్పవచ్చును. ఎవరు ఎప్పుడు కలిసినదీ యంత్రం దాచగలదు. కాని దొంగను పట్టుకొనుటకు వ్రాసే పద్దును ఇంటిమనిషిని లెక్కించుటకు వాడరాదని నాకు తోచినది. ఆ మాటే చెప్పినాను. డయాలిసిస్ ఉన్న రోజున ఆయన రాత్రి పదకొండుకు కూర్చుంటారు, లేనినాడు తెల్లవారుజామున. నెలాఖరుకు ట్రయల్ బ్యాలెన్స్ కుదురుతున్నది కదా! ఆడిటర్ గారు కొంతసేపు ఊరకుండి, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

పద్దుకు విలువ లేదనడం నా ఉద్దేశం కాదు. కామర్సు విద్యార్థులు తప్పక వినవలసిన కథ ఒకటున్నది. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకపు లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చినది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దానిని విడిచిపెట్టక నెలల తరబడి వెంబడించగా, దూరాన పశ్చిమ జర్మనీ నుండి ఒకడు ఆ యంత్రంలో ప్రవేశించి, దాని గుండా అమెరికా సైనిక కంప్యూటర్లను వెదుకుతున్నట్లు తేలినది. ఈ కథ చెప్పినప్పుడు మున్షీ సాబ్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “చిన్న తేడాయే పెద్ద తేడా బేటా. పెద్ద తేడాను ఎవరైనా చూస్తారు” అన్నారు.

ఒక సంకేతపదాన్ని అందరూ పంచుకోవడం మాత్రం మేము మొదటి నుండీ ఒప్పుకోలేదు. వైర్‌గార్డ్‌లో ఎవరి చెవి వారిదే. గుప్తమైన సగం వారి యంత్రంలోనే ఉంటుంది, బహిరంగమైన సగం ఒక్క వరుసగా మా వద్ద ఉంటుంది. లాప్‌టాప్ పోయినా, మనిషి మానినా ఆ ఒక్క వరుస కొట్టివేస్తే చాలు, మిగతావారి తాళాలు మార్చనవసరం లేదు.

మున్షీ సాబ్ 2023 మార్చి నెల లెక్కలు ముగించి సెలవు తీసుకున్నారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయనే ఫోను చేసి, “నా చాబీ తీసివేసినావా?” అని అడిగినారు. ఇంకా లేదు, తొందరేమున్నది అన్నాను. “వద్దు బేటా, నాకు పని లేని ఇంటి చాబీ నా జేబులో ఎందుకు? ఇప్పుడే తీయి, నేను లైనులోనే ఉంటాను” అన్నారు. ఆ వరుస కొట్టివేసి, ఒకసారి ప్రయత్నించి చూడమన్నాను. అవతల మీటల చప్పుడు వినబడినది. కాసేపటికి, “తెరుచుకోవడం లేదు, ఠీక్ హై” అని, మా ప్రింటరు ఇంకా కాగితం నలుపుతున్నదా అని అడిగి ఫోను పెట్టివేసినారు.