ఫార్మాట్ కొట్టే ముందు

కీసర నుంచి నాగారం మీదుగా వచ్చే రోడ్డు ఈసీఐఎల్ చౌరస్తా చేరుతుంది. అక్కడి నుంచి మల్లాపూర్ దాటితే నాచారం, ఆపైన హబ్సిగూడ, ఉప్పల్. ఈ దారికి కంప్యూటర్లతో చుట్టరికం పాతదే. డాక్టర్ ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1970ల్లోనే టీడీసీ శ్రేణి కంప్యూటర్లు తయారుచేసింది. ఆనాటి యంత్రాన్ని చూడటానికి కూడా మామూలు మనిషికి అనుమతి దొరికేది కాదు. ఇవాళ ఇదే దారిలో కీసర మండలం ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు, పోచారం ఐటీ ఉద్యోగులు, నాచారం పారిశ్రామికవాడలో లెక్కలు రాసేవాళ్లు భుజాన లాప్‌టాప్ వేసుకుని తిరుగుతున్నారు. అది ఉన్నట్టుండి ఆగిపోతే ఏం చేస్తారు, ఎక్కడికి పోతారు? అది చూద్దామనే నాచారంలో ఒక చిన్న రిపేరు షాపుకి వెళ్లాను.

షటర్ వేసే ఒకే గది. ముందు కౌంటరు, వెనక పొడవాటి బల్ల. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, వేడిగాలి ఊదే బ్లోయర్, మల్టీమీటర్, మైక్రోస్కోపు, వోల్టేజీ తగ్గించి పెంచే డీసీ సప్లై. గోడకి తగిలించిన డబ్బాల్లో సైజుల వారీగా స్క్రూలు. షాపు నడిపే ఆయన చాలా ఏళ్లుగా చిప్ లెవల్ పని చేస్తున్నారు. తోడుగా ఇద్దరు కుర్రాళ్లు. వచ్చిన ప్రతి లాప్‌టాప్‌కీ ఒక చీటీ అంటిస్తారు. దాని మీద కస్టమర్ చెప్పిన జబ్బు పేరు రాయరు, తాము కళ్లారా చూసిన లక్షణం రాస్తారు. డెడ్, నో డిస్‌ప్లే, లోగో దగ్గర ఆగింది. దాదాపు అన్నీ ఈ మూడు మాటల్లో సర్దుకుంటాయి.

"అందరు వైరస్ అనే తెస్తరు సార్. వైరస్ అని చీటీ మీద రాస్తే నా బుర్ర గూడ అటే పోతది. అందుకే రాయ" అన్నారాయన.

డెడ్ అని చీటీ ఉన్న లాప్‌టాప్ ఉప్పల్ నుంచి ఒక పెద్దాయన తెచ్చింది. ముందురోజు సాయంత్రం తెర నిండా ఎర్ర హెచ్చరిక వచ్చిందట: మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. భయపడి బటన్ నొక్కి ఆపేశారు. పొద్దున ఆన్ చేస్తే లైటు కూడా వెలగలేదు. వైరస్ తినేసిందని ఆయన నిశ్చయం. ఆ హెచ్చరిక బ్రౌజర్‌లో తెరుచుకున్న మోసపు పేజీ అని షాపాయన నెమ్మదిగా చెప్పారు. అసలైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఆ నంబరుకి ఫోన్ చేసి ఉంటే అవతలివాడు రిమోట్ యాప్ వేయించి బ్యాంకు ఖాతా దాకా వచ్చేవాడు.

మరి లైటెందుకు వెలగలేదు? ముందు అడాప్టర్ వోల్టేజీ కొలిచారు, సరిగానే ఉంది. అడుగు మూత విప్పి, బ్యాటరీ కేబుల్ ఊడదీసి, మదర్‌బోర్డు పవర్ లైను మీద మీటర్ పెడితే షార్టింగ్ అని కూత పెట్టింది. అనుమానం ఉన్న చోట కుర్రాడు వేడికి కరిగే రోజిన్ పల్చగా పూశాడు. డీసీ సప్లై నుంచి తక్కువ వోల్టేజీ ఇవ్వగానే బియ్యపు గింజలో సగం కూడా లేని ఒక కెపాసిటర్ మీద రోజిన్ అన్నిటికన్నా ముందు కరిగింది. షార్ట్ అయిన భాగమే ముందు వేడెక్కుతుంది మరి. దాన్ని బ్లోయర్‌తో లేపేసి, కొత్తది వేసి, బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది. వైరస్ పేరుతో వచ్చిన ఆ లాప్‌టాప్‌లో ఒక్క ఫైలూ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

నో డిస్‌ప్లే అంటే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది. అలాంటిది వస్తే ముందు బయటి మానిటర్ తగిలిస్తారు. అందులో బొమ్మ వస్తే లోపం తెరలోనో దాని కేబుల్‌లోనో ఉన్నట్టు. రాకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు పూత పళ్లు శుభ్రం చేసి మళ్లీ కూర్చోబెడతారు. ఛార్జర్, బ్యాటరీ తీసేసి పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి, మిగిలిన కరెంటు వదిలిస్తారు. వీటికి లొంగకపోతే, కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్ ఉండే బయోస్ చిప్ వంతు. ఎనిమిది కాళ్ల ఆ చిప్‌కి క్లిప్పు తగిలించి, అందులో ఉన్నది ముందు చదివి దాచుకుని, ఆ తర్వాతే కొత్తది ఎక్కిస్తారు.

ఈ చిప్‌ని చంపిన వైరస్ చరిత్రలో నిజంగానే ఉంది. తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన సీఐహెచ్, 1999 ఏప్రిల్ 26న చాలా దేశాల్లో ఒకేసారి పేలింది. అది డిస్క్ మొదటి భాగాన్ని చెరిపేసి, వీలైన చోట బయోస్‌ని కూడా పాడుచేసింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కావడంతో దానికి ఆ పేరే స్థిరపడింది. వైరస్ వస్తే కంప్యూటర్ లేవదన్న మన నమ్మకం ఆ కాలపుదే. ఇవాళ బయోస్ చెడిపోవడానికి మామూలు కారణం అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోవడం. బయోస్‌లో చేరే కొత్త రకం వైరస్‌లు లేకపోలేదు, 2018లో లోజాక్స్ బయటపడింది. కానీ అవి ఎంచుకున్న సంస్థల మీద వదిలేవి. వీధి షాపు బల్ల మీదికి రావడం చాలా అరుదు.

నేనున్నప్పుడే కీసర వైపు ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదివే అబ్బాయి వచ్చాడు.

"అన్నా, క్రాక్ సాఫ్ట్‌వేర్ ఏసిన. రెండు రోజులు ఒకటే హ్యాంగ్. ఇప్పుడు లేస్తనే లేదు. ప్రాజెక్టు మొత్తం అండ్లనే ఉన్నదన్నా."

"ఇంకెక్కడన్న చూపించినవా తమ్మీ?"

"కాలేజీ కాడ చూపించిన. ఫార్మాట్ కొడితే అయిపోతదన్నరు."

"కొట్టలే గద? మంచిగ జేసినవ్."

లోగో వస్తోంది, చుక్కలు తిరుగుతున్నాయి, ఆటోమేటిక్ రిపేర్ అని పడి మళ్లీ మొదటికొస్తోంది. షాపాయన వరసగా అడిగారు. కింద పడ్డదా? నీళ్లు పడ్డయా? ఆగే ముందు చప్పుడేమన్నా విన్నవా? అప్‌డేట్ నడుస్తుంటే ఆపినవా? అప్పుడు బయటపడింది, వారం కింద బైకు మీద పోతుంటే బ్యాగు జారిపడింది. లాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే పళ్లేల పాత తరహా హార్డ్ డిస్క్. దాన్ని ఊడదీసి, లినక్స్ నడిచే వేరే కంప్యూటర్‌కి తగిలించారు. విండోస్ కోసం రాసిన వైరస్ అక్కడ నడవదు. ఇటు డిస్క్‌లోని ఆరోగ్య నివేదిక చదవొచ్చు. చదవలేక పెండింగ్‌లో పడ్డ సెక్టార్ల సంఖ్య చూడగానే ఆయన చెయ్యి ఆగింది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. చెక్‌డిస్క్ నడుపుతారు, లేదా అదే డిస్క్ మీద కొత్త విండోస్ వేస్తారు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి ఆ రెండూ ప్రమాదమే. మిగిలిన ప్రాణం ఆ పనికే ఖర్చవుతుంది, కొత్త రాతలు పాతవాటి మీద పడతాయి. ఈయన మాత్రం డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తానికి నకలు తీయడం మొదలుపెట్టారు. అది సులువుగా వచ్చే భాగాలన్నీ ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి చివర్లో తిరిగొస్తుంది. డిస్క్ టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంటే ఈ పని కూడా చేయరట. ఆ డిస్క్‌ని దుమ్ము చొరబడని ల్యాబ్‌లోనే విప్పాలి, అక్కడికే పంపుతారు.

నకలు పూర్తయ్యాక ఇంకో అడ్డు. డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగింది. "నేను పెట్టలేదన్నా" అని అబ్బాయి బిక్కమొహం వేశాడు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచిన చాలా కొత్త లాప్‌టాప్‌లలో ఈ తాళం దానంతటదే పడుతుంది. కీ ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయ్యి చూస్తే దొరికింది. ఆ ఖాతాలోకి వెళ్లే దారే లేకపోయి ఉంటే నకలు తీసినా ఫలితం సున్నా. ప్రాజెక్టు ఫోల్డర్ తెరుచుకుంది.

ఆ నకలుని స్కాన్ చేస్తే క్రాక్ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చిన పాస్‌వర్డ్ దొంగ కూడా దొరికింది. అంటే వైరస్ ఉంది, కానీ లాప్‌టాప్‌ని ఆపింది అది కాదు, దెబ్బతిన్న డిస్క్. కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ మొదటి నుంచి ఎక్కించి, పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చుకోమన్నారు.

ఆ బల్ల దగ్గర నాకు బాగా అర్థమైన సంగతి ఇది. ఇవాళ్టి వైరస్ రాసేవాడికి మన కంప్యూటర్ నడవడమే కావాలి. నడిస్తేనే పాస్‌వర్డ్‌లు దొంగిలించగలడు, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడగగలడు. 2017 మే నెలలో వానాక్రై ప్రపంచాన్ని ముంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అవి మూగబోలేదు, డబ్బు కట్టమన్న నోటీసు చూపించాయి. ఆ మరుసటి నెలలో వచ్చిన నాట్‌పెట్యా లాగా బూటింగే చెడగొట్టేవి ఉన్నా, అలాంటివి తక్కువ. 2024 జూలై 19న ప్రపంచమంతా 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసుకుని కూర్చుంటే చాలామంది సైబర్ దాడి అనుకున్నారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక విమాన ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ నీలితెరలకి కారణం వైరస్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన తప్పు అప్‌డేట్.

నిజమైన వైరస్ కేసులు ఈ షాపుకి వేరే రూపంలో వస్తాయి. జిరాక్స్ సెంటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారతాయి. అవి పోలేదు, దాగున్నాయంతే. తిరిగి బయటికి తీయొచ్చు. చిన్న కంపెనీల లెక్కల ఫైళ్ల చివర వింత పేర్లు చేరతాయి. అది ఫైళ్లకి తాళం వేసే రాన్సమ్‌వేర్ పని. అప్పుడు నెట్ కేబుల్ పీకేయాలి, డిస్క్‌ని ఉన్నదున్నట్టు పక్కన పెట్టాలి. యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్‌లో కొన్ని రకాల తాళాలకి ఉచిత తాళంచెవులు ఉన్నాయి. ఇవాళ దొరకనిది రేపు దొరకొచ్చు. ఫార్మాట్ కొట్టేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఫార్మాట్ విషయంలో మరో తేడా అందరూ తెలుసుకోవాలి. పాత హార్డ్ డిస్క్‌ని క్విక్ ఫార్మాట్ చేసినా కొంత వెనక్కి రావచ్చు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు చెరిపిన జాగాని లోలోపలే శుభ్రం చేస్తుంది, ఫైళ్లు తిరిగొచ్చే ఆశ దాదాపు ఉండదు. ఒకప్పుడు చెల్లిన "ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం" అనే అలవాటు ఇప్పుడు ఒక విద్యార్థి ఏడాది కష్టాన్ని నిమిషంలో తుడిచేయగలదు.

ఇలాంటి షాపుల్లో పనిచేసేవాళ్లకి పెద్ద డిగ్రీలు ఉండకపోవచ్చు. కానీ కొలవకుండా చెప్పకపోవడం, దాచకుండా చెరపకపోవడం అన్న రెండు నియమాలు పాటించేవాళ్లు మన నమ్మకానికి పూర్తిగా తగినవాళ్లు. చదువులకీ బతుకుతెరువులకీ లాప్‌టాపే ఆధారమైన ఈ ప్రాంతానికి వాళ్ల పని ఎంతో అవసరం.

చదివేవారికి నా మనవి ఒక్కటే. లాప్‌టాప్ లేవకపోతే పదేపదే ఆన్ చేయకండి. షాపులో వైరస్ అని చెప్పకుండా, ఏం చూశారో, ఏం విన్నారో, అంతకుముందు ఏం జరిగిందో చెప్పండి. ఫార్మాట్ అనగానే "డేటా తీశారా?" అని అడగండి, తీసి చూపించాకే ఒప్పుకోండి. ఆన్‌లైన్ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంకా దానిమీదే ఉంటే మారే ఏర్పాటు చూసుకోండి. లాప్‌టాప్ బాగున్న ఈ రోజే మీ బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, ముఖ్యమైన ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి ఎక్కించుకోండి.