చేతికందని రౌటర్
హైదరాబాద్ అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరే పిల్లల్లో ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపినవాళ్లూ ఉంటారు. నా బాధంతా అక్కడే. 2020 ఫిబ్రవరిలో వచ్చిన సిస్కో సర్టిఫికేషన్ సీసీఎన్ఏ 200-301 పరీక్షలో రౌటింగ్, స్విచింగ్, వైర్‌లెస్, సెక్యూరిటీ, ఆటోమేషన్ అన్నీ ఉన్నాయి. అంత సిలబస్‌ని హడావిడిగా లాగించే క్లాసులో సార్ స్లైడు చదివేవారు, మేం తలూపేవాళ్లం.

ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్ సంగతే చూడండి. రెండు రౌటర్ల హలో టైమర్లు కలవకపోతే అవి నైబర్లు కావు. ఎంటీయూలో, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజులో, తేడా ఉంటే ఎక్స్‌స్టార్ట్ దశ దగ్గరే ఆగిపోతాయి. స్లైడు మీద ఇది ఒక్క లైను. మనమే టైమర్ మార్చి, నైబర్ పడిపోవడం చూసి, షో కమాండ్లతో కారణం పట్టుకుంటే తప్ప ఒంటబట్టదు. ఆ వెతుకులాటకే క్లాసులో టైముండదు. “ఇది పరీక్షకు రాదమ్మా, ముందుకెళ్దాం” అన్న మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

తప్పంతా సార్లదే అనను. బ్యాచ్ వెనక బ్యాచ్, గొంతు పోయేదాకా చెప్పేవాళ్లు. ల్యాబ్‌కి ఖర్చూ సాకు కాదు, సిస్కో సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. డంపులు, అంటే బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, బట్టీపట్టించడం మాత్రం క్షమించలేను. ఫీజు కట్టేముందు పిల్లలు గట్టిగా అడగాలి: నెట్‌వర్క్‌ను చెడగొట్టి బాగుచేసుకోవడానికి రోజుకెంత సేపిస్తారని.